రెగ్గే విని నేర్చుకుందాం – 4: ఇంతకీ ఒకటి ఎక్కడ?

గత పాఠంలో, జమైకాలో రెగ్గేకి ముందు అరవైలలో నడిచిన రాక్‌స్టెడీ సంగీతం దగ్గర ఆగాం. 1, 2, 3, 4 అని (ఈ నాలుగూ కలిస్తే ఒక వరస) లెక్కపెడుతూ 2, 4 మీద గిటార్ 'చక్' వినమన్నాను. చాలామందిది ఒకటే ఫిర్యాదు: "రెండు వరసలు బాగానే ఉంటోందండీ, ఆ తర్వాత గిటార్ 1, 3 మీదకి వచ్చేస్తోంది." గిటార్ ఎక్కడికీ రాలేదు. మీ లెక్కే జారింది. డెబ్భైల జమైకా మొత్తం ఇవాళే చెప్పేద్దామనుకున్నాను కానీ, ముందు ఈ సంగతి తేలాలి.

ఆది తాళం వేసినా, భజనలో తాళాలు పట్టినా మనకు మొదటి దెబ్బే గట్టిది. అందుకే గట్టిగా వినపడినదాన్ని చెవి 'ఒకటి' అనేసుకుంటుంది. రెగ్గేలో 2, 4 గిటార్‌వి. 3 మీద కిక్ డ్రమ్ము (కాలితో కొట్టే పెద్దది), స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్ము) అంచు మీద దెబ్బ కలిసి పడతాయి. 1 దాదాపు ఖాళీ. దీన్నే వన్ డ్రాప్ అంటారు. బాబ్ మార్లే బృందం వైలర్స్‌లో డ్రమ్మర్ కార్ల్‌టన్ బారెట్ దీనికి పెట్టింది పేరు. వాళ్ల 1979 నాటి 'సర్వైవల్' ఆల్బమ్‌లో 'వన్ డ్రాప్' అని పాటే ఉంది.

జారామో లేదో ఇలా పట్టుకోండి. ఆ పెద్ద దెబ్బ మీ లెక్కలో 2 మీద పడుతోందంటే గిటార్‌ని ఒకటి అనుకున్నారు. 4 మీద పడినా అదే జబ్బు, రెండో వైపు నుంచి. 1 మీద పడుతోందా? ఇది ఇంకా మోసం. 2, 4 మీద గిటార్ సరిగ్గానే ఉంటుంది కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది, కానీ సగం వరస తేడాలో ఉన్నారు. దయచేసి "రెండూ ఒకటే కదా" అనకండి. కాదు. పాట మొదట్లో డ్రమ్మర్ గబగబా ఓ చిన్న దరువు వేస్తాడు చూడండి, సాధారణంగా అది ముగిశాక వచ్చేదే 1. అక్కణ్ణుంచి కాలితో లెక్క పట్టండి. చప్పట్లు వద్దు, చేతులు గిటార్ వెంట పోతాయి.

నా అడ్డదారి డబ్, అంటే ఉన్న పాటనే కొన్ని వాయిద్యాలు తీసేసి మళ్లీ మలిచే పద్ధతి. కింగ్‌స్టన్‌లో రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే కింగ్ టబ్బీ డెబ్భైలలో పాటల్లోంచి గొంతు, గిటార్ తీసేసి బేస్, డ్రమ్స్ మిగిల్చేవాడు. చెవిని లాగేసే 'చక్' మాటిమాటికీ మాయమవుతుంది కాబట్టి లెక్క త్వరగా కుదురుతుంది.

మిగతాది తేలికే. డెబ్భైల మధ్యలో స్లై డన్‌బార్ కిక్‌ని 1 మీదకి కూడా తెచ్చాడు, అది రాకర్స్. నాలుగింటి మీదా కొడితే స్టెపర్స్. 1985లో వేన్ స్మిత్ పాడిన 'స్లెంగ్ టెంగ్'కి కాసియో కీబోర్డులో బటన్ నొక్కితే వచ్చే రిథమే ఆధారం. చేయించింది టబ్బీ దగ్గర పనిచేసిన కింగ్ జామీ. రెగ్గేలోంచి పుట్టిన డాన్స్‌హాల్ సంగీతం అక్కణ్ణుంచి కంప్యూటర్ల దారి పట్టింది. నాకు ఆ కాలం అంతగా ఎక్కదు, వచ్చే పాఠంలో క్లుప్తంగా చూద్దాం.

అభ్యాసం: బాబ్ మార్లే, వైలర్స్‌ల 1977 నాటి 'ఎక్సోడస్' పాట పెట్టండి. ఇది స్టెపర్స్, డ్రమ్ము మీకు సాయం చేయదు. 1 మీద మాత్రమే కాలు వేయండి. రెండు నిమిషాలయ్యాక పాట ఆపకుండా సౌండ్ మాత్రం తగ్గించేసి, ఎనిమిది వరసలు మనసులో లెక్కపెట్టి మళ్లీ పెంచండి. మీ కాలు, పాటలో 1 కలిసి పడాలి. కలవకపోతే మొదటి నుంచీ.