జపాన్ ఇంట్లో ఉండబోయే పిల్లలకు: మొహమాటం ఇక్కడే వదిలి వెళ్లండి

ఎక్స్ఛేంజ్ విద్యార్థులుగా జపాన్ వెళ్లే పిల్లలు నన్ను ముందుగా అడిగేది భాష గురించే. దాని గురించి అంత బెంగ అక్కర్లేదు. కర్త, కర్మ, చివర క్రియ: మన వాక్యం నడిచే వరుసలోనే వాళ్ల వాక్యమూ నడుస్తుంది. అసలు ఇబ్బంది పెట్టేది మొహమాటం. అది మనకూ ఉంది, వాళ్లకు ఇంకా ఎక్కువ. మర్యాద కోసం ఇద్దరూ నోరు మెదపకపోతే చిన్న విషయాలే ముదిరిపోతాయి. నేను క్యూషూ దీవిలోని కురుమేలో ఒక కుటుంబంతో ఉండి హైస్కూల్లో చదివాను. అక్కడ నాకు అక్కరకొచ్చినవే ఇక్కడ చెబుతున్నాను.

మొదట తిండి. విద్యార్థులను దేశాలు దాటించి చదివించే ఏఎఫ్ఎస్ సంస్థ ద్వారా వెళ్లినా, రోటరీ క్లబ్బుల యూత్ ఎక్స్ఛేంజ్ ద్వారా వెళ్లినా, కుటుంబం కుదరక ముందే మీ గురించి వివరాలు రాయిస్తారు. అందులో ‘శాకాహారిని’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. జపాన్ వంటకు ప్రాణం దషి అనే రసం. దాన్ని ఎక్కువగా కట్సువో చేపను ఎండబెట్టి, పలచగా చెక్కిన రేకులతో కాస్తారు. మిసో సూపులో అదే, ఉడికించిన కూరగాయల్లో అదే, ఊదోన్ నూడుల్స్ పులుసులోనూ అదే. చేప ముక్క కంటికి కనిపించదు కాబట్టి శాకాహారి తినవచ్చనే చాలామంది అనుకుంటారు. అందుకని ‘చేప రసం కూడా తినను, కొంబు సముద్రపు నాచుతోనో, ఎండు షీతాకే పుట్టగొడుగులతోనో చేసిన దషి అయితే తింటాను’ అని విడమరచి రాయండి. ఆ రెండూ అక్కడి సూపర్ మార్కెట్లలో సులభంగా దొరుకుతాయి. ‘కర్రీ’ పేరుతో డబ్బాల్లో అమ్మే మసాలా ముద్దల్లో కూడా తరచూ పశువుల కొవ్వు ఉంటుంది. పేరు చూసి మన కూరే అనుకోవద్దు.

మాంసాహారులైతే ఇంత తంటా లేదు. కానీ గొడ్డుమాంసం, పందిమాంసం తినకపోతే ఆ మాట ముందే చెప్పండి. కురుమే పంది ఎముకల పులుసుతో చేసే రామెన్ నూడుల్స్‌కు పుట్టినిల్లు. ఇంటికి వచ్చిన పిల్లలను ఆ రామెన్ తినడానికి తీసుకెళ్లడం వాళ్లకు సంబరం. వండి పెట్టాక వద్దనడం కన్నా వండక ముందు చెప్పడమే వాళ్లకు మీరిచ్చే గౌరవం. ఈ విషయంలో నాది పట్టుదల.

సూట్‌కేసులో మాంసం పచ్చళ్లు పెట్టుకోకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు, పళ్లు కూడా వద్దు.

ఇంటి గుమ్మం సంగతి తొందరగా ఒంటబడుతుంది. గెంకన్‌లో, అంటే తలుపు లోపల చెప్పులు విడిచే చోట, చెప్పులు విడిచి, మొనలు వీధి వైపు ఉండేలా తిప్పి పెట్టాలి. లోపలి స్లిప్పర్లతో తతామి చాపల మీద అడుగు పెట్టకూడదు. మరుగుదొడ్డికి వేరే స్లిప్పర్లు ఉంటాయి, అవి అక్కడే వదిలేయాలి.

స్నానం మాత్రం జాగ్రత్తగా నేర్చుకోవలసినదే. ఒఫురో తొట్టి ఒళ్లు రుద్దుకోవడానికి కాదు. తొట్టి బయట చిన్న పీట ఉంటుంది. దాని మీద కూర్చుని షవర్‌తో ఒళ్లు, తల శుభ్రంగా కడుక్కుని, సబ్బు నురగ అంతా పోయాక, జుట్టు పైకి ముడేసుకుని తొట్టిలోకి దిగాలి. నలభై డిగ్రీల పైమాటే ఉండే ఆ నీళ్లు ఇంటిల్లిపాదికీ ఒకటే. లేచాక అడుగున బిరడా తీయకండి. మూత వేసి రండి. మీ వెనుక ఇంకొకరు దిగాలి. చివర మిగిలిన నీటిని మా ఇంట్లో చిన్న పంపుతో బట్టల మెషీన్‌లోకి ఎక్కించేవారు. రాత్రి స్నానమే అక్కడి అలవాటు. మీకు పొద్దున్నే తల మీద నీళ్లు పడకపోతే రోజు మొదలుకాదంటే, ఉదయం షవర్ వాడుకోవచ్చా అని మొదటి వారంలోనే అడగండి. ఆడపిల్లలకు ఒక మాట: నెలసరి రోజుల్లో ‘ఇవాళ షవర్ చాలు’ అంటే సరిపోతుంది, ఎవరూ కారణం అడగరు.

ఇంట్లో ఒక పని మీ పేరున పెట్టించుకోండి. అతిథిగా కూర్చున్నంత కాలం అతిథిగానే చూస్తారు. నేను చెత్త పని తీసుకున్నాను. అది తేలిక పని కాదు, అందుకే మంచిది. కాలేది, ప్లాస్టిక్, సీసాలు, డబ్బాలు దేనికవే వేరు. ఒక్కోదానికి ఒక్కో రోజు. నీళ్ల సీసా మూత తీసి, లేబుల్ ఒలిచి, కడిగి వేయాలి. పొద్దున్నే వీధి చివర పెట్టి, కాకులు చింపకుండా వల కప్పాలి. ఊరూరికీ నియమాలు మారతాయి కాబట్టి, ఇంటివాళ్లు వంటింట్లో అంటించిన పట్టికను ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి. వల కప్పుతుంటే పక్కింటివాళ్లు పలకరిస్తారు. నా జపనీస్‌కు పదును పెట్టింది బడికన్నా ఆ వీధి చివరే.

బయటికెళ్తూ ‘ఇత్తెకిమాస్’, తిరిగొస్తూ ‘తదైమా’, తినబోతూ ‘ఇతదకిమాస్’, తిన్నాక ‘గొచిసోసమ’ అనడం మానకండి. ఇంటికి ఆలస్యమవుతుందన్నా, రాత్రి భోజనం వద్దన్నా, ఒకాసాన్, అంటే ఆ ఇంటి అమ్మ, బియ్యం కడగక ముందే సందేశం పంపండి. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చడం, ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరు అందుకోవడం అక్కడ చావుకు సంబంధించిన పద్ధతులు. భోజనాల దగ్గర చేయకూడదు.

కానుకల విషయంలో నా సలహా ఒక్కటే: ఖరీదు చూడకండి, ఆ ఊరిని చూడండి. నేను పోచంపల్లి ఇక్కత్ గుడ్డ తీసుకెళ్లాను. ఇంటి బామ్మ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, తిరగేసి, రంగు అంచులు కాస్త చెదిరినట్లుండే చోట వేలితో తడిమి, లోపలి నుంచి తన పాత నీలిరంగు పని దుస్తులు తెచ్చి పక్కన పరిచింది. అది కురుమే కసురి అనే అక్కడి నేత. నేయక ముందే నూలును కట్టుకట్టి రంగు ముంచే పద్ధతి రెండింటిదీ ఒకటే. సుమారు 1800 ప్రాంతంలో ఇనోవే దెన్ అనే అమ్మాయి అక్కడ ఆ నేతకు శ్రీకారం చుట్టిందని చెబుతారు. 1957లో జపాన్ ప్రభుత్వం దాన్ని ముఖ్యమైన అమూర్త సాంస్కృతిక సంపదగా గుర్తించింది. ఆ సాయంత్రం నుంచి బామ్మ నన్ను తన పక్కన కూర్చోబెట్టుకునేది. మీరు వెళ్లే ఊరిలో ఏ చేతిపని ఉందో ముందే తెలుసుకుని, దానికి చుట్టరికమున్నది మన దగ్గర వెతికి తీసుకెళ్లండి.

ఇంత చేసినా కొన్ని ఇళ్లలో పొసగదు. అప్పుడు నెలల తరబడి ఓర్చుకోకండి. మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండడానికి ఏఎఫ్ఎస్, రోటరీ ఆ ఊళ్లోనే ఒకరిని నియమిస్తాయి. వెళ్లిన వారంలోనే వారిని కలిసి, నంబరు తీసుకోండి. ‘బాగా లేదు’ అనకుండా, ఏ రోజు ఏం జరిగిందో, మీకు ఏం కావాలో రాసుకుని చెప్పండి. భయపెట్టేది, ఒంటి మీద చెయ్యి వేసేది ఏదైనా జరిగితే రాసుకోవడానికి కూడా ఆగవద్దు, అదే రాత్రి ఫోను చేయండి. ఇల్లు మార్చమని అడగడం ఎవరినీ అవమానించడం కాదు. రోటరీలో అయితే ఏడాదిలో ఒకటి కన్నా ఎక్కువ ఇళ్లలో ఉంచడం మామూలే. అమ్మానాన్నలకు కూడా ముందే చెప్పి ఉంచండి, ‘సర్దుకుపో’ అనే ముందు పిల్ల చెప్పేది పూర్తిగా వినమని.