ఫోరం థియేటర్ ఆడేముందు జర ఇవి చూస్కోండి

ఫోరం థియేటర్ అంటే చూసేటోళ్లు నడుమల ఆపి, తామే లేచి పాత్రల నిలబడి కథ మార్చే నాటకం. హన్మకొండల ఆడినా ఊర్లె ఆడినా మొదలు అడగాల్సింది మానసిక ట్రీట్‌మెంట్ పేరు మీద బాధ పడ్డోళ్లనే. వాళ్లు ఒప్పుకుంటేనే కథ తీస్కోవాలె, పేరు, ఊరు, వార్డు అన్నీ మార్చాలె, ఎందుకంటే మన దిక్కు ఎవరి బిడ్డనో ఇట్టే పట్టేస్తరు.

గొలుసుల సీన్ ఉంటే నిజం గొలుసు అస్సలొద్దు, చేతులు ఎనక్కి పెట్టుకుంటే చాలు, చూసేటోళ్లల్ల అది అనుభవించినోళ్లు ఉంటరు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం గొలుసులను నిషేధించింది, నాటకం నడిపించే జోకర్‌కి ఇది తెల్సుండాలె.

ఎవరన్నా స్టాప్ అని లేస్తే పీడించేటోని పాత్ర ఇయ్యొద్దు, బాధపడేటోళ్ల జాగల నిలబడి ఎట్ల ఎదురుతిరగాలో చూపాలె, ఫోరం థియేటర్ మొదలుపెట్టిన బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోవాల్ పద్ధతే అది. బలవంతంగ ఎవర్నీ లేపొద్దు.

లేచినోళ్లు ఎవరన్నా మందులు ఒక్కసారే బంద్ పెట్టమంటే జోకర్ ఆపాలె.

సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416 బోర్డు మీద రాయండి, ఎవరన్నా ఏడిస్తే పక్కకు తీస్కపోయి కూసునేటందుకు ఒక మనిషిని ముందే అనుకోండి.