బస్తాకు ఎంత డీజిల్? లోడు బండి కొనే ముందు చూసుకోవాల్సిన లెక్క

మా ఆయన బండి నడుపుతాడు, డీజిల్ పుస్తకం నేను రాస్తాను. హాలియా చుట్టుపక్కల తోటల్లో బత్తాయి ఎత్తుకొని హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోవడం, కాయ లేని రోజుల్లో వాడపల్లి నుంచి సిమెంటు, కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లులకు వడ్లు. ఇదీ మా పని. చుట్టాల్లో ఎవరు బండి కొనాలన్నా ఇప్పుడు నాకే ఫోన్ చేస్తున్నారు. అడిగేది ఒక్కటే: "అక్కా, ఏ బండి మైలేజ్ ఎక్కువిస్తది?" నేను బండి పేరు చెప్పను. "నీ లోడెంత?" అని ఎదురడుగుతాను.

ఎందుకంటే లోడు బండికి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే లెక్క సగం లెక్కే. ఒక టన్ను సరుకు చేరడానికి ఎన్ని లీటర్లు తాగింది అన్నదే అసలు లెక్క. నల్లగొండ నుంచి హైదరాబాద్ దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు, పోను రాను 200. పంపాల్సింది 3 టన్నులు అనుకుందాం. 750 కిలోలు మోసే చిన్న బండి పోను రాను సగటున లీటరుకు 18 ఇస్తే, నాలుగు ట్రిప్పులు, 800 కిలోమీటర్లు, 44 లీటర్ల పైనే. 1,500 కిలోలు మోసే పికప్ లీటరుకు 13 మాత్రమే ఇచ్చినా రెండు ట్రిప్పుల్లో అయిపోతుంది. 400 కిలోమీటర్లు, 31 లీటర్లు. లీటరు 95 రూపాయల చొప్పున చూసినా 1,300 దాకా తేడా. డ్రైవర్ బత్తా, టోల్, రెండు రోజుల టైమ్ ఇంకా వేరే.

అట్లయితే పెద్దదే కొనాలా అంటే అదీ కాదు. 4 టన్నులు మోసే ఐచర్ లాంటి బండి లీటరుకు 9 ఇచ్చినా ఆ 3 టన్నుల్ని ఒక్క ట్రిప్పులో, 22 లీటర్లతో దింపేస్తుంది. కాగితం మీద అదే గెలిచింది. కానీ వారంలో మిగతా రోజులు ఊర్లో ఎరువుల షాపుకు అర టన్ను, పెళ్లింటికి టెంటు సామాను, ఇట్లాంటి కిరాయిలే ఉంటే ఆ 9 కిలోమీటర్ల మైలేజ్ మీ మెడకు చుట్టుకుంటుంది. పెద్ద టైర్లు, పెద్ద కిస్తీ సరేసరి. పెద్ద బండి నిండితేనే పొదుపు.

అందుకే షోరూమ్‌కు పోయే ముందు ఒక నెల రోజులు నోట్‌బుక్ రాయండి. తేదీ, సరుకు, బరువు, ఎక్కడి నుంచి ఎక్కడికి, తిరుగు లోడు దొరికిందా లేదా. ఇప్పుడు కిరాయి బండ్లు పెట్టుకుంటున్నవాళ్లయితే ఆ రసీదుల నుంచే రాసుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద లోడు చూసి బండి కొనకండి. ఎక్కువ రోజులు పడే లోడు ఎంతో చూసి, దానికంటే 15, 20 శాతం ఎక్కువ మోసే బండి తీసుకోండి. బత్తాయి సీజన్లో నాలుగు రోజులు ఎక్కువ పడితే కిరాయికి లారీ మాట్లాడుకోవచ్చు.

సరుకు రకం కూడా చూడాలి. బత్తాయి, సిమెంటు, వడ్లు బరువు సరుకు. డబ్బా సగం నిండేసరికే బండి మోయగలిగింది అయిపోతుంది. ఐకేపీ కొనుగోలు సెంటర్లో వడ్ల బస్తా 40 కిలోలు. 1,500 కిలోల బండికి 37 బస్తాలతో సరి, పైన ఎంత జాగా మిగిలినా లాభం లేదు. వీటికి పొడుగు డబ్బా అక్కర్లేదు. పత్తి అట్లా కాదు. డబ్బా అంచులు దాటి ఆకాశానికి లేచినా బరువు తూగదు, పైగా ఆ ఎత్తుకు గాలి కొట్టి డీజిల్ తాగుతుంది. మీది ఎక్కువగా పత్తి కిరాయి అయితే డబ్బా పొడుగు చూడండి. మాది బరువు సరుకు కాబట్టి అశోక్ లేలాండ్ దోస్త్ పికప్ తీసుకున్నాం, పని సరిపోతోంది. కానీ అది మా లోడుకు సరిపోయిన బండి, మీకూ అదే అని కాదు.

బండి ఎంత మోస్తుందో సేల్స్ అబ్బాయి నోటి మాట నమ్మకండి. ఆర్‌సీలో లాడెన్ వెయిట్ (లోడుతో కలిపి), అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ బండిది) అని రెండు అంకెలుంటాయి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే మోయగలిగిన బరువు. తర్వాత మీరు ఇనుప బాడీ కట్టిస్తే ఆ బరువంతా ఇందులోంచే పోతుంది. బాడీ కట్టించాక ఖాళీ బండిని ఒకసారి కాంటా ఎక్కించి చూడండి, కొందరికి రెండు మూడు సిమెంటు బస్తాల బరువు అక్కడే పోయినట్టు తేలుతుంది. వెనక కమాన్ కట్టలకు ఇంకో పట్టీ వేయించితే ఎక్కువ మోస్తుందంటారు. బండి కుంగదు, నిజమే. బ్రేకులు, చాసిస్, క్లచ్ మాత్రం పాతవే. ఓవర్‌లోడుకు 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

ఇంజిన్ సంగతికొస్తే, హార్స్ పవర్ అంకె కన్నా టార్క్, అంటే లాగే బలం, ఎంత తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) అందుతుందో చూడండి. బ్రోచర్లో 1,500 నుంచో 1,800 నుంచో ఇంత అని రాసి ఉంటుంది. అది కింది నుంచే మొదలైతే చందంపేట గుట్టల దారిలో కూడా లోడుతో మూడో గేర్లో లాగుతుంది. చిన్న ఇంజిన్‌కు తాహతుకు మించి ఎత్తితే రెండో గేర్లో అరుచుకుంటూ ఎక్కుతుంది, ఖాళీ బండికి చెప్పిన మైలేజ్ అక్కడే పోతుంది.

టెస్ట్ డ్రైవ్ లోడుతోనే అడగండి. ఖాళీ బండిని షోరూమ్ చుట్టూ తిప్పితే ఏమీ తెలియదు. మొహమాటపడకుండా మీ సరుకు మీరే ఎక్కించండి. ఎత్తు మీద బండి ఆపి, మళ్లీ కదిలించి చూడండి. క్లచ్ కాలిన వాసన వచ్చినా, గేర్ దింపితే తప్ప కదలకపోయినా ఆ బండి మీ లోడుకు చిన్నదే. కొన్నాక మైలేజ్ చూసేటప్పుడు ట్యాంక్ ఫుల్ కొట్టించి, పంపు తనంతట తను ఆగిన దగ్గర ఆపండి. మీటర్ అంకె రాసుకొని, ట్రిప్పు తిరిగొచ్చి అదే బంకులో అట్లాగే ఫుల్ కొట్టించండి. రెండోసారి పట్టిన లీటర్లతో కిలోమీటర్లను భాగించండి. నేను పక్కనే ఇంకో గడిలో బరువు రాసి, క్వింటాలుకు ఎన్ని లీటర్లో కూడా తీస్తాను. ఆ గడి చూశాకే మా ఆయన 80లో పోవడం మానేశాడు. వేగం 60 నుంచి 80కి పెంచితే గాలి అడ్డు దాదాపు 1.8 రెట్లవుతుంది, చౌటుప్పల్‌కు పావుగంట ముందు చేరి చేసేదేముంది?

సీఎన్‌జీ చౌక అని తొందరపడకండి. సిలిండర్ల బరువు కూడా మీ లోడులోంచే పోతుంది. మారుతి సూపర్ క్యారీ పెట్రోల్ బండి 740 కిలోలు మోస్తే సీఎన్‌జీది 625 కిలోలే. మీ దారిలో బంకు ఉండి, తేలిక సరుకైతే బాగుంటుంది. కరెంటు బండి ఊర్లో తిరిగేవాళ్లకు ఆలోచించదగ్గదే. తెలంగాణలో తేలిక సరుకు రవాణా కరెంటు బండ్లకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ ఇచ్చారు. రాత్రికి రాత్రి బత్తాయితో మార్కెట్‌కు పోయేవాళ్లం మేమైతే ఇప్పుడే కొనం.

కాగితాల విషయం రెండు ముక్కల్లో. బండి, లోడు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్‌ఎంవీ (తేలిక వాహనాల) లైసెన్స్ చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. టోల్ ఏ తరగతి కింద కడతారో మాత్రం కొనే ముందే అడగండి, పంతంగి టోల్‌గేట్ దగ్గర రోజూ కట్టేవాళ్లకు అది కూడా డీజిల్ లాంటి ఖర్చే.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే పొద్దున్నే, చెప్పకుండా పోండి. అమ్మేవాడు బండిని ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెడతాడు. బానెట్ ఎత్తి ఇంజిన్ చల్లగా ఉందో లేదో చూసి, అప్పుడు స్టార్ట్ చేయించండి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని అర్థం. నల్లపొగ ఆగకుండా వస్తే ఇంజెక్టర్ల ఖర్చు ధరలోంచి తీసేయండి. ఇంజిన్ వేడిగా ఉంటే బేరం జోలికే పోకుండా, మర్నాడు తెల్లారగట్ల మళ్లీ వస్తామని చెప్పి వచ్చేయండి.