కూలర్ పెట్టి కిటికీలు మూసేయకండి

ఏసీ అలవాటుతో హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో కూలర్ వేయగానే తలుపులు, కిటికీలు బిగించేస్తారు. కాసేపటికి గదంతా జిగటగా తయారవుతుంది, పిల్లలకు నిద్ర పట్టదు. కూలర్ చల్లబరిచేది నీళ్లు ఆవిరవడం వల్ల. లీటరు నీరు ఆవిరైతే గాలి నుంచి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి లాగేస్తుంది. మూసిన గదిలో ఆ ఆవిరి అక్కడే పేరుకుని, ఇక కొత్తగా నీరు ఆవిరవదు. అందుకే కూలర్‌ని కిటికీ దగ్గర, వెనక వైపు బయటి గాలి పీల్చుకునేలా పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీనో తలుపునో కొంచెం తెరిచి ఉంచండి. తేడా వెంటనే తెలుస్తుంది.

ట్యాంకులో ఐసు వేయడం కోసం అంత తాపత్రయపడక్కర్లేదు. కిలో ఐసు కరగడానికి తీసుకునే వేడి 334 కిలోజౌళ్లే, అంటే ఆవిరి చేసే పనిలో ఏడో వంతు! దానికన్నా గడ్డి ప్యాడ్లు పూర్తిగా తడుస్తున్నాయో లేదో చూడండి, ఎండిన చోట నుంచి వేడిగాలే వస్తుంది.

ఏప్రిల్, మే నెలల పొడి ఎండల్లో మన ఊళ్లో కూలర్ బాగా పనిచేస్తుంది. విశాఖ లాంటి సముద్రతీరంలో అంత చల్లదనం రాదు, అక్కడి గాలిలో తేమ ఎక్కువ. ఇక్కడ కూడా వానలు మొదలయ్యాక పంపు ఆపేసి ఉత్త ఫ్యాన్ వేసుకుంటేనే హాయి.