ఇంజిన్‌లో బోల్టు విరిగిందా? డ్రిల్ పట్టే ముందు అది ఎక్కడ పట్టేసిందో చూడండి

బోల్టు విరగగానే అందరూ ఎక్స్‌ట్రాక్టర్ సెట్ (విరిగిన ముక్కలో బెజ్జం తొలిచి, అందులో పట్టించి తిప్పి తీసే పనిముట్లు) కోసం వెతుకుతారు. కాస్త ఆగండి. బిగిస్తుంటే విరిగిందా, విప్పుతుంటే విరిగిందా? ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా ఇదొక్కటే చూడకుండా వదిలేస్తారు. తర్వాత చేయాల్సిన పనంతా దీన్ని బట్టే ఉంటుంది.

బిగిస్తుంటే విరిగితే

బలం ఎక్కువైంది, అంతే. మామూలు ఎం6 బోల్టు (6 మిల్లీమీటర్ల లావుది) 10 న్యూటన్ మీటర్ల బిగువు దగ్గర ఆగాలి, ఎం8 అయితే 25 దగ్గర. పొడవాటి రాట్చెట్ పట్టుకుంటే చేతికి తెలియకుండానే అది దాటిపోతుంది. అయితే ఇలా విరిగిన ముక్క లోపల వదులుగానే ఉంటుంది, ఎందుకంటే తల ఊడగానే దాని మీదున్న బిగువంతా పోయింది. సన్నటి పంచ్‌ను అంచున ఆనించి, విప్పే దిశలో చిన్నగా కొడుతూ పోతే తిరుగుతుంది. తిరక్కపోతే రివర్స్‌లో కోసే డ్రిల్ బిట్ పెట్టండి, తొలుస్తుండగానే చాలాసార్లు ముక్క దానంతట అదే పైకి వచ్చేస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ పనికొచ్చేది ఇక్కడే.

విప్పుతుంటే విరిగితే

తుప్పుతో పట్టేసింది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర ఇది మామూలే. ఇక్కడ ఎక్స్‌ట్రాక్టర్ వాడకండి. నిండు బోల్టే ఆ బలానికి తెగిపోయింది కదా, దాని మధ్యలో తొలిచిన బెజ్జంలో పట్టే సన్నటి ముక్క ఏం తిప్పుతుంది? పైగా కోసుగా ఉండే రకమైతే బోల్టు గోడను బయటికి నెట్టి త్రెడ్లలోకి, అంటే మరల్లోకి, ఇంకా బిర్రుగా చేస్తుంది. ఎక్స్‌ట్రాక్టరే లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాన్ని కోయలేదు, కార్బైడ్ బిట్ కావాల్సిందే.

ముక్క కొంచెం పైకి ఉంటే దానికి వాషర్, దానిపైన నట్టు పెట్టి వెల్డింగ్ చేయండి. సగం పని వేడే చేస్తుంది. బ్యాటరీ నెగటివ్ తీసి మొదలుపెట్టండి, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట మాత్రం వెల్డింగ్ పెట్టొద్దు, విషవాయువు వస్తుంది. ముక్క లోపలికి ఉంటే సరిగ్గా నడిమధ్యన పంచ్ గుర్తు పెట్టి, సన్నటి బిట్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. 1.25 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) ఉన్న ఎం8కి 6.8 మిల్లీమీటర్ల దగ్గర ఆపి, మరలు కోసే ట్యాప్ వేయండి. గుర్తు పక్కకు పోయిందా, బిట్ మెత్తగా ఉన్న అల్యూమినియంలోకి జారిపోతుంది, అప్పుడిక హెలికాయిల్ (పాడైన త్రెడ్ చోట ఎక్కించే తీగచుట్ట) వేయాలి.

త్రెడ్ పట్టేసిందని మోసం చేసేది

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. థర్మోస్టాట్ హౌసింగ్, వాటర్ పంపు లాంటి, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) పారే భాగాల బోల్టులు. తల కిందే తెగుతుంది, మిగతా బోల్టులన్నీ వచ్చేసినా హౌసింగ్ మాత్రం ఆ ఒక్క చోట కదలదు. అందరూ త్రెడ్ పట్టేసిందనుకుని హౌసింగ్ పైనుంచే డ్రిల్ దింపుతారు. అంత లోతులో బిట్ వంకరపోయి, బాగున్న ఇంజిన్ త్రెడ్‌ను కూడా తినేస్తుంది.

విప్పి పక్కన పెట్టిన మిగతా బోల్టులను చూడండి. త్రెడ్ శుభ్రంగా మెరుస్తూ, పైనున్న కాడ (త్రెడ్ లేని నున్నటి భాగం) మీద మాత్రం తెల్లటి పొడి పేరుకుని ఉందంటే, విరిగినది పట్టేసింది కూడా కాడ దగ్గరే. ఉక్కు బోల్టు, అల్యూమినియం హౌసింగ్, మధ్యలో కూలెంట్ తడి. ఈ మూడూ కలిస్తే అల్యూమినియమే తినేసుకుపోతుంది. అలా వచ్చిన పొడికి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి కాబట్టి అది కాడను చుట్టూ నొక్కి పట్టేస్తుంది.

అందుకే ముందు తీయాల్సింది హౌసింగ్‌ను. కూలెంట్ దించేసి, తుప్పు వదిలించే నూనె కాడ చుట్టూ పోసి రాత్రంతా వదిలేయండి. తర్వాత కాడ పైభాగాన పంచ్ పెట్టి నాలుగు దెబ్బలు, హౌసింగ్‌కు హీట్ గన్. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, ఆ కొద్దిపాటి సందే చాలు. హౌసింగ్‌ను కాడ చుట్టూ కుడికీ ఎడమకీ కొంచెం కొంచెం తిప్పుతూ పైకి లాగండి. గాస్కెట్ సందులో స్క్రూడ్రైవర్ దూర్చి మాత్రం ఎత్తొద్దు, గీత పడితే అక్కడినుంచే కారుతుంది. ఏం చేసినా రాకపోతే హౌసింగ్‌నే కోసేయండి, కొత్తది దొరుకుతుంది, ఇంజిన్ బ్లాక్ అలా కాదు.

హౌసింగ్ వచ్చాక బోల్టు ముక్క పైకి నిలబడి ఉంటుంది. వైస్ గ్రిప్ పట్టి ముందుకీ వెనక్కీ ఆడిస్తే చాలాసార్లు పెద్దగా కష్టపెట్టకుండానే వస్తుంది, త్రెడ్ అసలు పట్టేయలేదు కదా.

నాసిరకం బోల్టు, 1.25 పిచ్ చోట 1.5 పిచ్ ఎక్కించడం లాంటివీ ఉంటాయి కానీ అరుదు, వాటి వెంట పడకండి.

బిగించేటప్పుడు హౌసింగ్ బెజ్జంలోని పొడిని గుండ్రటి ఆకురాయితో గీకి, యాంటీ సీజ్ (లోహాలు పట్టేయకుండా రాసే పేస్టు) కాడకు మాత్రమే రాయండి. త్రెడ్‌కు అంటితే రాపిడి తగ్గి, అదే టార్క్ సెట్టింగ్‌కు బోల్టు మీద ఎక్కువ లాగుడు పడుతుంది. అడుగు మూసుకుపోయిన బెజ్జమైతే లోపలి నూనె, కూలెంట్ పూర్తిగా తుడవండి. ద్రవం నలగదు కాబట్టి బోల్టు దిగేకొద్దీ ఆ ఒత్తిడికి బ్లాకే పగలొచ్చు.