స్టిక్కర్ అంచులు లేస్తున్నాయని లేటెక్స్ మెషీన్ కొనేముందు ఆ రోల్ ఒకసారి విప్పి చూడండి

తిరుపతి, చిత్తూరు సైన్ షాపుల్లో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది: "వినైల్ అతికించిన వారానికే అంచులు లేస్తున్నాయి. లామినేషన్ కింద బుడగలు వస్తున్నాయి. ఈ సాల్వెంట్ మెషీన్ అమ్మేసి లేటెక్స్ తీసుకుందామనుకుంటున్నాం." వినైల్ అంటే వెనక గమ్ ఉండే ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు, లామినేషన్ అంటే ప్రింట్ మీద వేసే పారదర్శక ఫిల్మ్. సాల్వెంట్ మెషీన్ ఆవిరయ్యే రసాయన ద్రవంలో కలిపిన ఇంకుతో, లేటెక్స్ మెషీన్ నీళ్లలో కలిపిన ఇంకుతో ప్రింట్ చేస్తాయి. లేటెక్స్ మంచి మెషీనే. కొన్ని షాపులకు అదే సరైనది కూడా. కానీ ఈ ఒక్క ఫిర్యాదును పట్టుకుని లక్షల రూపాయల అప్పు నెత్తిన వేసుకోవద్దు. నేను చూసిన వాటిలో చాలాచోట్ల మెషీన్ బాగానే ఉంది. ప్రింట్ బయటికి వచ్చాక, లామినేషన్‌కు వెళ్లేలోపు జరగాల్సిన పని జరగలేదు.

హెడ్ (ఇంకు చిమ్మే భాగం) క్లీనింగ్, నాజిల్ చెక్, అద్దాన్ని తుడిచి ఆరాకే అతికించడం మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

లక్షణం: అంచులు లేవడం, మూలలు చుట్టుకోవడం, లామినేషన్ కింద బుడగలు

ముందుగా ఎక్కడ లేస్తోందో దగ్గరగా చూడండి. లాడ్జి అద్దం తలుపు మీద ముదురు మెరూన్ నేపథ్యంలో పసుపు అక్షరాలతో స్టిక్కర్ ఉందనుకుందాం. మెరూన్ నిండుగా ఉన్న మూల దగ్గర గోరుతో కొద్దిగా లేపండి. తర్వాత అదే స్టిక్కర్‌లో ఇంకు పడని తెల్లటి చోట లేపండి. తెల్లటి చోట గమ్ గట్టిగా పట్టి ఉంటుంది, లాగితే చిటపట శబ్దం వస్తుంది. మెరూన్ దగ్గర శబ్దం లేకుండా మెత్తగా వచ్చేస్తుంది, లాగితే వినైల్ సాగుతుంది కూడా. ఈ తేడా కనిపించిందంటే కారణం దొరికినట్టే: వినైల్‌లో సాల్వెంట్ ఇంకా మిగిలి ఉంది.

సాల్వెంట్ ఇంకు, ఘాటు తక్కువుండే ఎకో సాల్వెంట్ అయినా సరే, వినైల్ పైపొరను కొద్దిగా మెత్తబరిచి లోపలికి పట్టుకుంటుంది. రంగు అంత గట్టిగా నిలవడానికి కారణం అదే. ప్రింటర్ హీటర్లు 40, 50 డిగ్రీల దగ్గర పైపైన ఉన్న ద్రవాన్ని ఆరబెట్టేస్తాయి. చేత్తో ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. లోపలికి ఇంకిన ద్రవం మాత్రం గంటల తరబడి ఆవిరవుతూనే ఉంటుంది. పైన లామినేషన్ వేసేస్తే దానికి పైకి దారి ఉండదు. కొంత లామినేషన్ కింద బుడగగా తేలుతుంది, మిగిలింది కిందికి దిగి గమ్‌ను మెత్తబరుస్తుంది. ఇక ఆ స్టిక్కర్ పడమటి ఎండ పడే అద్దం మీద నిలిచేది ఎన్నాళ్లు?

"మేము 24 గంటలు ఆరబెట్టే లామినేషన్ చేస్తున్నాం" అని చాలామంది గట్టిగా చెబుతారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. అందుకే ఈ కారణం అంత తేలిగ్గా దొరకదు, అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. ఎక్కడ ఆరబెట్టారో అడగండి. ప్రింటయిన వినైల్‌ను చుట్టుకునే మెషీన్ టేకప్ రోలర్ మీద, బిగుతుగా చుట్టుకున్న రోల్ అలాగే ఉంటుంది. తడి చీరను చుట్టచుట్టి పెట్టి, తెల్లారి ఆరిందా అని చూసినట్టు ఉంటుంది ఇది. పై రెండు చుట్లు ఆరతాయి, లోపలి చుట్లలో ఆవిరికి బయటికి దారే ఉండదు. పైగా ఒక చుట్టు నుంచి వచ్చిన ఆవిరి దాని మీద ఉన్న చుట్టు బ్యాకింగ్ పేపర్‌కు (గమ్ వెనక ఒలిచేసే కాగితానికి) తగులుతుంది. అందుకే రోల్ మొదట్లో ప్రింటయిన ముక్కలు, అంటే లోపలి చుట్లలోవి, ముందుగా లేస్తాయి. చివర్లో ప్రింటయినవి బాగానే ఉంటాయి. ఒకే రోల్, ఒకే ఇంకు, ఒకే రోజు, ఫలితం మాత్రం రెండు రకాలు. దీంతో షాపువాళ్లు వినైల్ కంపెనీని తిట్టుకుంటారు.

అనుమానం ఉంటే లోపలి చుట్టు నుంచి ముదురు రంగున్న అరచేయంత ముక్క కత్తిరించి, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో రాత్రంతా ఉంచండి. పొద్దున మూత తీయగానే ఇంకు వాసన గుప్పుమంటే ఆ రోల్ లామినేషన్‌కు సిద్ధంగా లేనట్టే.

పరిష్కారం

ప్రింట్ అవగానే రోల్‌ను టేకప్ నుంచి తీసేయండి. చుట్ల మధ్య వేలు దూరేంత వదులుగా మళ్లీ చుట్టి, నిలువుగా నిలబెట్టండి. నేల మీద పెట్టకుండా జల్లెడలాంటి ఇనుప స్టాండు మీద పెట్టండి. సాల్వెంట్ ఆవిరి గాలి కంటే బరువైనది, కిందికి దిగిపోతుంది. దిగడానికి కింద ఖాళీ ఉండాలి. పక్కన ఫ్యాను తిరగాలి. చోటుంటే కొయ్యకు వేలాడదీయడం ఇంకా మంచిది. ఇలా కనీసం 24 గంటలు, నల్లటి, మెరూన్ నేపథ్యాలకు 48 గంటలు ఇవ్వండి.

స్ప్లిట్ ఏసీ గదిలో తలుపులు మూసి ఆరబెట్టడం చాలా షాపుల్లో చూస్తుంటాను. ఆ ఏసీ లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది, ఆవిరి గదిలోనే ఉండిపోతుంది. గాలిని బయటికి నెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి. ఇంకో మాట కూడా చెప్పాలి. బ్రహ్మోత్సవాలప్పుడు, గంగమ్మ జాతరప్పుడు రాత్రీ పగలూ పని నడుస్తుంటే కుర్రాళ్లు మెషీన్ పక్కనే చాప వేసుకుని పడుకుంటారు. నేల దగ్గరే ఆవిరి ఎక్కువగా పేరుకుంటుంది. దయచేసి వాళ్లను ఆ గదిలో పడుకోనివ్వకండి.

ఇంకు మోతాదు కూడా తగ్గించండి. నాలుగు రంగులూ నూటికి నూరు పోస్తే మొత్తం 400 శాతం అవుతుంది. అంత ఇంకును ఏ వినైలూ తట్టుకోలేదు. ఫైలును ప్రింటరుకు పంపే రిప్ సాఫ్ట్‌వేర్‌లో ఆ వినైల్‌కు తగిన ప్రొఫైల్ (ఇంకు సెట్టింగు) పెట్టి, మొత్తం ఇంకు హద్దు 270 శాతం లోపు ఉండేలా చూడండి. నలుపు చూడటానికి నల్లగానే ఉంటుంది. పాస్‌లు, అంటే ఒకే చోట హెడ్ తిరిగే సార్లు, పెంచితే ప్రతి పొరకూ ఆరే సమయం దొరుకుతుంది. హీటరును మాత్రం ఇష్టం వచ్చినట్టు పెంచకండి, వినైల్ ముడతపడి హెడ్‌కు తగులుతుంది.

ప్రింట్ అవగానే అదే మెషీన్‌లో ఆకారానికి కటింగ్ చేసేవాళ్లకు మరో చిక్కు ఉంది. సాల్వెంట్ ఆరని వినైల్‌ను కోస్తే, కోసిన అంచు వెంటనే పైకి చుట్టుకుంటుంది. ఎక్కడ కోయాలో మెషీన్ గుర్తుపట్టే రిజిస్ట్రేషన్ గుర్తులతో ప్రింట్ చేసుకుని, ఆరబెట్టి, మర్నాడు మళ్లీ మెషీన్‌కు ఎక్కించి కోయండి.

ఇప్పటికే లామినేషన్ చేసి అతికించిన స్టిక్కర్ లేస్తుంటే దాన్ని కాపాడే దారి లేదు. హెయిర్ డ్రయ్యరుతో నొక్కితే రెండు రోజులు ఆగుతుంది, అంతే. మళ్లీ ప్రింట్ చేసి ఇవ్వాల్సిందే.

వేరే కారణాలు

అంచు చుట్టూ సన్నటి జిగురు గీత, దానికి పట్టిన దుమ్ము కనిపిస్తే వినైల్ కుంచించుకుపోయింది. చవక వినైల్ మానేయండి. ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్న పాత రోల్ అయితే గమ్ చచ్చిపోయి ఉంటుంది, పారేయండి. లామినేషన్ ఫిల్మ్‌ను మరీ లాగి వేసినా అంచు లేస్తుంది, లామినేషన్ మెషీన్‌లో ఫిల్మ్ రోల్‌ను బిగించే బ్రేక్ వదులు చేయండి. ఇవి అరుదు.

ఫ్లెక్స్‌కు గమ్ లేదు కాబట్టి ఈ గొడవే లేదు. ప్రింటయిన వెంటనే మడిస్తే ముఖానికి ముఖం అంటుకుంటుంది, అరగంట ఆగండి. మీ పనిలో ఎక్కువ భాగం పది అడుగుల ఫ్లెక్స్ బ్యానర్లే అయితే లేటెక్స్ గురించి ఆలోచించాల్సిన అవసరమే లేదు, సాల్వెంట్‌తోనే ఉండండి.

లేటెక్స్ ఎవరికి?

ఆరబెట్టడానికి ఆ ఒకటి రెండు రోజులు నిజంగా ఇవ్వలేనివాళ్లకు. పొద్దున ఆర్డర్ తీసుకుని సాయంత్రానికి టెంపో ట్రావెలర్‌కు స్టిక్కర్ వేసి పంపాల్సిన షాపుకు, ఆసుపత్రి లోపల, పిల్లల స్కూలు గదుల్లో గోడలకు వేసేవాళ్లకు ఆ పెట్టుబడి వృథా కాదు. హెచ్‌పీ 2008లో తెచ్చిన ఈ ఇంకులో ప్రధాన ద్రవం నీళ్లే. మెషీన్ లోపలి వేడికి నీళ్లు ఆవిరైపోయి, ప్లాస్టిక్ లాంటి పాలిమర్ కణాలు కరిగి రంగును పట్టుకుని పొరగా పరుచుకుంటాయి. బయటికి వచ్చిన ప్రింట్‌కు వెంటనే లామినేషన్ చేయవచ్చు, ఘాటైన వాసన ఉండదు.

దాని కష్టాలు దానికి ఉన్నాయి. ప్రింట్ మీద వేలు రాస్తే జిడ్డుగా తగిలి రంగు చెరిగితే, వేడి చాలలేదన్నమాట. ముందు వోల్టేజీ చూడండి. 230 ఉండాల్సిన చోట 200 వస్తే హీటరు శక్తి నాలుగింట మూడొంతులకు పడిపోతుంది. వేసవి సాయంత్రాల్లో మన వీధుల్లో ఇది కొత్త కాదు. వినైల్ అలలుగా లేచి హెడ్‌కు తగిలితే వేడి ఎక్కువైంది, లేదా బ్యాకింగ్ పేపర్ పలచన. సాల్వెంట్‌లో బాగా నడిచిన చవక వినైల్ చాలావరకు ఇక్కడ నడవదు, ఆ ఖర్చు ముందే లెక్కవేసుకోండి.

గది సంగతి ఇంకా ముఖ్యం. ఈ మెషీన్లకు గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో తిరుపతిలో బయట 40 దాటుతుంది, లోపల మెషీన్ తనూ వేడి కక్కుతుంది. రేకుల షెడ్డులో పెట్టి ఒక చిన్న ఏసీతో సరిపెట్టలేరు. మెషీన్‌కూ ఏసీకీ కలిపి ఎంత లోడు పడుతుందో ఎలక్ట్రీషియన్‌తో లెక్క కట్టించాకే అడ్వాన్సు మాట ఎత్తండి.

డెమోకు వెళ్లినప్పుడు వాళ్లు చూపించే పువ్వుల ఫొటోను ప్రింట్ చేయించుకోకండి. మీరు రోజూ వాడే వినైల్ రోల్, మీ మెరూన్ ఫైలు తీసుకెళ్లండి. ప్రింట్ చేయించి, అక్కడే లామినేషన్ వేయించి, అదే రోజు మీ షాపులో పడమటి ఎండ పడే అద్దానికి అతికించండి. పక్కనే సాల్వెంట్‌లో ప్రింట్ చేసి, వదులుగా చుట్టి రెండు రోజులు ఆరబెట్టిన ముక్కనూ అతికించండి. నెల తర్వాత రెండింటి మూలలూ గోరుతో లేపి చూసి, అప్పుడు నిర్ణయం తీసుకోండి.