సొంత అనుభవం రాస్తే ఎందుకు చప్పబడుతోంది? సమస్యలు, కారణాలు, మరమ్మతులు

నోటితో చెప్తే నలుగురూ చుట్టూ చేరి వినే సంగతే, రాయబోతే రెండో పేరా దాటదు. చాలామంది ‘నాకు రాయడం రాదు’ అనుకుని అక్కడే ఆపేస్తారు. అలా ఆగిపోయిన రాతలు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే అనుభవ వ్యాసంలో తప్పులు మళ్లీమళ్లీ అవే వస్తాయి. కారణం దొరికితే సరిచేయడం కష్టం కాదు. మీ రాతలో ఏది కనిపిస్తోందో చూసుకుని అక్కణ్ణుంచి చదవండి.

జరిగింది పెద్దదే, చదివినవాళ్లు మాత్రం కదలడం లేదు

ముందు పెన్సిలు తీసుకుని ‘చెప్పలేనంత బాధ’, ‘మాటల్లో వర్ణించలేని ఆనందం’, ‘గుండె బరువెక్కింది’, ‘కళ్లు చెమర్చాయి’ లాంటివాటి కింద గీతలు గీయండి. ఇవి ఎవరి వ్యాసంలోంచి తీసి ఎవరి వ్యాసంలో పెట్టినా అతుక్కుపోతాయి. మీరు ఆ రోజు చూసినవాటిని దాటేసి, వాటివల్ల కలిగిన భావాన్ని మాత్రం పేరు పెట్టి చెప్పేశారు. చదివేవాళ్లకు ఆ భావం కలగడానికి దారేదీ మిగల్లేదు.

మా తాతయ్య పోయాక నేను రాసిన మొదటి ప్రతిలో ఇలా ఉంది: “తాతయ్య మరణం నన్ను ఎంతగానో కలచివేసింది. ఆయన లేని లోటు ఎవరూ తీర్చలేనిది.” ఒక్క ముక్కా అబద్ధం కాదు. అయినా అందులో మా తాతయ్య ఎక్కడా కనపడడు. తిరగరాసేటప్పుడు ఒకే ఒక్క సాయంత్రం తీసుకున్నాను: “బల్ల సొరుగులోంచి సన్నగా కూత వినిపించింది. తెరిస్తే ఆయన చెవి మిషన్. ఆపకుండానే లోపల పెట్టేశాం. గుప్పిట మూస్తే కూత పెరిగింది, తెరిస్తే తగ్గింది. దాన్ని ఎలా ఆపాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినవాడు ఆయనొక్కడే.” బాధ అన్న మాటే లేదు. ఇది చదువుతూ మధ్యలోనే మా అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

కాబట్టి ఏళ్ల సంగతి పక్కన పెట్టి ఒక్క గంటను పట్టుకోండి. ఆ గంటలో కంటికి, చెవికి, ముక్కుకి, చేతికి తగిలినవి పది రాసుకోండి. మొదటి నాలుగూ ఎవరికైనా తట్టేవే. కాస్త ఓపిక పట్టండి, మీవి ఆ తర్వాత బయటికొస్తాయి. గీత గీసిన ప్రతి వాక్యం చోట వాటిలో ఒకటి పెట్టి చూడండి.

మూడో పేరా దాకా అసలు సంగతి మొదలవడం లేదు

ఊరు, కుటుంబం, చదువు, వాతావరణం, అన్నీ ముందే చెప్పకపోతే అర్థం కాదేమోనన్న భయం దీనికి కారణం. మొదటి పేరాను చేత్తో మూసి రెండోదాని నుంచి చదవండి. అర్థమైతే మొదటిది తీసేయవచ్చు. అందులో తప్పనిసరిగా కావలసిన రెండు ముక్కలుంటే వాటి అవసరం వచ్చిన చోట చెప్పండి.

వ్యాసం రోజువారీ చిట్టాలా ఉంది

‘ఆ తర్వాత’, ‘తరువాత’, ‘ఇంతలో’ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. సంఘటనలు వరసగా నిలబడ్డాయి గానీ ఒకదాన్ని ఒకటి తోయడం లేదు. ‘ఆ తర్వాత’ తీసేసి ‘అందుకని’ గానీ ‘కానీ’ గానీ పెట్టి చూడండి. రెండూ ఇమడని చోట ఆ సంఘటన ఈ వ్యాసానికి చెందినది కాకపోవచ్చు. నిజంగా జరిగిందన్నది దాన్ని ఉంచడానికి సరిపోదు.

ఎనిమిదేళ్ల పిల్ల నలభై ఏళ్ల మనిషిలా ఆలోచిస్తోంది

ఇది అనుభవం ఉన్న రచయితల్లోనూ చూస్తాను. “నాన్న మౌనం వెనక అప్పుల భారం ఉందని నాకు అర్థమైంది” అని రాస్తారు. ఎనిమిదేళ్లప్పుడు అర్థమైందా? ఆ రోజు తెలిసింది ఇంతే: నాన్న చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే చాలాసేపు కూర్చున్నాడు. అప్పటి ‘నేను’, ఇప్పటి ‘నేను’ ఒకే వాక్యంలో ఇరుక్కోవడం వల్ల ఈ చిక్కు వస్తుంది. అప్పటి మనిషికి చూసినవి ఇవ్వండి, ఇప్పటి మనిషికి తెలిసినవి ఇవ్వండి. ఇద్దరి మధ్యా ‘ఆ సంగతి నాకు పెళ్లయ్యాక తెలిసింది’ లాంటి ఒక్క వాక్యాన్ని గోడలా నిలబెట్టండి. వ్యాసానికి లోతు ఎక్కువసార్లు ఈ ఎడంలోంచే వస్తుంది.

అందరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు

కారణం, మాటలు పుస్తకంలోంచి వస్తున్నాయి. ‘నీవు ఎచటికి వెళ్లుచున్నావు’ అని ఏ అత్తయ్యా అడగదు. ఆ మనిషి వాడే ఊతపదం, యాస, సగంలో తుంచేసే అలవాటు గుర్తు చేసుకుని పైకి చదవండి. ఆ గొంతు వినపడకపోతే ఆ మాటను కోట్స్ లోంచి తీసి ‘వెళ్లొద్దంది’ అని చెప్పేయండి, చాలు.

పనిలో పనిగా ‘నేను’లు కూడా చూసుకోండి. ‘వెళ్లాను’లోనే ‘నేను’ ఉంది. ప్రతి వాక్యం ముందూ మళ్లీ అక్కర్లేదు.

సరిగ్గా గుర్తు లేదు

ఖాళీని కల్పనతో పూడిస్తే ఆ చోట వ్యాసం మెరుస్తుంది, కానీ ఇంట్లోవాళ్లు చదివితే అక్కడే పట్టుకుంటారు. పాత ఫొటోలు, ఉత్తరాలు చూడండి, అక్కడున్న ఇంకొకరిని అడగండి. అప్పటికీ తేలకపోతే ‘ఏ రంగు చీరో గుర్తు లేదు, కొంగు తడిగా ఉండటం గుర్తుంది’ అని రాయండి. ఆ ఒప్పుకోలు మిగతా అంతటి మీదా నమ్మకం పెంచుతుంది.

చివరి పేరా పాఠంలా ఉంది

‘ఆ రోజు నాకు తెలిసొచ్చింది...’ అని మొదలైతే ఆ పేరా కొట్టేసి, దాని ముందు వాక్యం దగ్గర ఆగి చూడండి. నూటికి తొంభైసార్లు వ్యాసం అక్కడే అయిపోయి ఉంటుంది.

రాద్దామని కూర్చుంటే చెయ్యి కదలడం లేదు

గాయం ఇంకా పచ్చిగా ఉంది, లేదా ఇందులో ఉన్నవాళ్లు చదివితే ఏమంటారోనన్న బెదురు ఉంది. మొదటిదైతే వ్యాసం జోలికి పోకండి. తేదీ వేసి, వరస లేకుండా, గుర్తొచ్చిన ముక్కలు మాత్రం రాసి దాచుకోండి, ఇప్పుడు జారిపోయే వివరాలు ఏడాది తర్వాత దొరకవు. రెండోదైతే ఎవరికీ చూపించని ఒక ప్రతిని పేర్లతో సహా పూర్తిగా రాయండి. పేర్లు మార్చడం, కొన్ని తీసేయడం, వాళ్లకు ముందే చదివి వినిపించడం లాంటివన్నీ రెండో ప్రతి పనులు.